ఒకే ఇల్లు, అయిదుగురు మనుషులు, ఒక బ్రహ్మరాక్షసి: తక్కువ ఖర్చులో దెయ్యంతో పోరాటం ఎట్టా తియ్యాలి?

తాడేపల్లి_తాటిచెట్టు

అందరికీ నమస్తే. 25 నిమిషాల ఇండిపెండెంట్ హారర్ సినిమా. ఉండవల్లి వైపు పొలాల మధ్య పాత పెంకుటిల్లు దొరికింది. పాత్రలు అయిదు: అన్నదమ్ములిద్దరు, వాళ్లమ్మ, మేనత్త, పక్కింటి రిటైర్డ్ మాస్టారు. ఇంట్లో చేరిన బ్రహ్మరాక్షసి మేనత్తను పట్టుకుంటుంది. వీళ్లు పారిపోరు, తెల్లారేదాకా తిరగబడతారు. అయిదు రాత్రుల షూటింగ్. చేతిలో 80 వేలు, ఒక మిర్రర్‌లెస్ కెమెరా, 24, 50 మిల్లీమీటర్ల లెన్సులు. గ్రాఫిక్స్‌కి డబ్బుల్లేవు.

రక్తం, ముఖం మేకప్, మనిషిని గాల్లోకి లేపడం, రాక్షసి గొంతు. ఈ నాలుగూ ఎట్టా చెయ్యాలో చెప్పండి. అన్నిటికంటే పెద్ద భయం ఏందంటే, కొట్లాట మొదలవగానే జనం నవ్వుతారేమోనని.

గాంధీనగర్_రీలు

తమ్ముడూ, నవ్వు మేకప్ వల్ల రాదు. దెయ్యానికి ఏది చేతనవుద్దో, ఏది కాదో చూసేవాడికి తెలియకపోతే వస్తుంది. ఒక సీన్లో గోడ దాటొచ్చి, ఇంకో సీన్లో తలుపు గొళ్లేనికి ఆగిపోయిందా, అక్కడే సినిమా పోయింది. ముందు కాయితం మీద మూడు నియమాలు రాసుకో: అది ఎక్కడికి రాలేదు, దేనికి వెనక్కి తగ్గుద్ది, అట్టా తగ్గించినందుకు మనిషి ఏం పోగొట్టుకుంటాడు. మూడోది లేకపోతే పోరాటానికి బరువుండదు. నిమ్మకాయ కోస్తే దెయ్యం పోయిందంటే సరిపోదు. కోసినవాడికి ఆ క్షణం నుంచి ఒక జ్ఞాపకం పోతుందంటే, రెండో నిమ్మకాయ కొయ్యడానికి చెయ్యి వణుకుద్ది. ఆ వణుకుకు పైసా ఖర్చు లేదు.

నువ్వు బ్రహ్మరాక్షసిని ఎంచుకున్నావు, మంచిది. మన కథల్లో అది చదువుకుని చెడినవాడి ప్రేతం. మంత్రాలు దానికీ వచ్చు. మాస్టారు భయంతో శ్లోకం చదువుతుంటే అది మేనత్త గొంతులో నెమ్మదిగా, "రెండో పాదంలో దీర్ఘం మింగేశావు మాస్టారూ" అని దిద్దితే చాలు. గ్రాఫిక్స్ అక్కర్లా. పిశాచం, కొరివిదెయ్యం, బేతాళుడు, వీటిలో దేనికి తగ్గ పద్ధతి దానికుంది. అన్నీ కలిపి ఇంగ్లీషు సినిమాల డెమన్ లాగా ఆడించమాకు.

రాక్షసి పూర్తి ముఖం మొత్తం సినిమాలో 40 సెకన్లు మించకుండా చూసుకో. 2007లో వచ్చిన పారానార్మల్ యాక్టివిటీ సుమారు 15 వేల డాలర్లతో దర్శకుడి సొంత ఇంట్లోనే అయింది, అందులో దెయ్యం పనంతా తలుపు, దుప్పటి, అడుగుల చప్పుడుతోనే. 1981 నాటి ఈవిల్ డెడ్ దారి వేరు, అది రక్తం కుమ్మరించింది. కానీ అడవిలోంచి దూసుకొచ్చే శక్తి వంతు వచ్చేసరికి చెక్కకు కెమెరా బిగించి ఇద్దరు పట్టుకుని పరిగెత్తారు. రెండు దారులూ పనిచేస్తాయి. 80 వేలకు మాత్రం ఒక్కటే పట్టుకో.

మెత్తని_లేటెక్స్

రక్తం సంగతి చెప్తానండీ. బేకరీ సామాన్లు అమ్మే కొట్లో లిక్విడ్ గ్లూకోజ్ దొరుకుతుంది, విజయవాడ వన్‌టౌన్‌లో గానీ గుంటూరు పట్నంబజార్ వైపు గానీ అడగండి. అర కిలో గ్లూకోజ్‌కి 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు, ఒక టీస్పూను ఎర్ర ఫుడ్ కలర్ పొడి, ఒక టీస్పూను కోకో పొడి. పొడులు ముందు కొంచెం నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, తర్వాత గ్లూకోజ్‌లో పొయ్యండి. కోకో లేకపోతే అది రక్తంలా కాదు, రోజ్‌మిల్క్ సిరప్‌లా మెరుస్తుంది. బట్టల మీద పడేదానికి గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేస్తే ఉతకడం తేలిక. నోట్లో పోసేదానికి మాత్రం అది వెయ్యొద్దు. రెండు సీసాలు వేరుగా పెట్టి పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.

ఎక్కువమంది ఇరుక్కునేది లైటు దగ్గర. నీలం లైటు కింద ఎరుపు నల్లగా పడుతుంది. వెన్నెల సీన్లకు కోకో సగానికి తగ్గించి ఎరుపు పెంచండి. బల్బు వెలుగు సీన్లకు మామూలు పాళ్లు. కెమెరాలో చూడకుండా గిన్నెలో చూసి ఒప్పుకోవద్దు.

ముఖానికి లిక్విడ్ లేటెక్స్, టిష్యూ పేపరు చాలు. ముందురోజే నటి మోచేతి లోపలివైపు కొంచెం రాసి 24 గంటలు చూడండి. లేటెక్స్ పడనివాళ్లకు దద్దురు, కొందరికి ఊపిరి ఇబ్బంది కూడా వస్తుంది. అందులో అమ్మోనియా ఉంటుంది కాబట్టి కిటికీలు తెరిచి, కళ్లు మూసుకోమని చెప్పి రాయాలి. కనుబొమ్మలు, నుదుటి మీది నూగు వెంట్రుకలకు ముందు వాజిలిన్ దట్టంగా పట్టించండి, లేకపోతే పీకేటప్పుడు నటి అరుపు నిజమైపోద్ది. ఒక పొర లేటెక్స్, మీద టిష్యూ, మళ్లీ లేటెక్స్. మూడు నాలుగు పొరలు. ఒక్కో పొర చల్లగాలి హెయిర్ డ్రయ్యర్ కింద పారదర్శకంగా మారేదాకా ఆగాలి. టిష్యూని కత్తిరించకుండా చింపండి, కత్తిరించిన అంచు కెమెరాలో గీతలా కనిపిస్తుంది.

మన ఉక్కలో మూడు గంటలకల్లా చెమట లేటెక్స్ కిందికి చేరి పై పెదవి దగ్గర, ముక్కు పక్క మడత దగ్గర ముందు లేస్తుంది. అందుకే పెదవుల చుట్టూ ఏమీ అంటించకుండా నుదురు, దవడ ఎముక, మెడ, చేతులకే పరిమితం చెయ్యండి. జెలటిన్ అసలు వద్దు, లైట్ల వేడికి, ఒంటి వేడికి కారిపోతుంది. తెల్ల పౌడరు కూడా వద్దు. మన చామనఛాయ మీద అది బూడిద రాసుకున్నట్టు కనిపించి నవ్వొస్తుంది. కళ్ల కింద, బుగ్గల గుంటల్లో బూడిద ఆకుపచ్చ, చెవుల అంచులకు, గోళ్లకు ఊదా. చనిపోయిన రంగు అక్కడే తెలుస్తుంది.

గుంటూరు_గొడ్డుకారం

ఇంత ఖర్చు ఎందుకు గురూ? పసుపు, సున్నం కలిపితే ఎర్రనీళ్లు వస్తాయి గదా, దిష్టి తీసే పళ్లెంలో చూడలా? బిందెడు తయారవుద్ది పది రూపాయలకు. ఇంకోటి, లొకేషన్ కావాలంటే మా వైపు ఖాళీ మిర్చి గోడౌన్లు ఉన్నాయి. చూడ్డానికే దెయ్యాల కొంపలు.

మెత్తని_లేటెక్స్

నేల మీద పొయ్యడానికి, పళ్లెంలో చూపించడానికి ఎర్రనీళ్లు బాగుంటాయి. ఒంటికి మాత్రం రాయొద్దు, సున్నం క్షారం, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పైగా నిమ్మరసం తగిలితే మళ్లీ పసుపైపోతుంది. నిమ్మకాయలున్న సీన్లో ఆ నీళ్లు పెట్టారంటే కంటిన్యుటీ (షాటుకూ షాటుకూ పొంతన) గోవిందా.

గోడౌన్ ఆలోచన మానుకోండి అన్నా. ఖాళీ చేసినా నేల సందుల్లో కారం దుమ్ము ఉంటుంది. పది మంది తిరిగితే లేస్తుంది. డైలాగు మధ్యలో దగ్గు, కాంటాక్ట్ లెన్సు పెట్టుకున్న నటి కళ్లల్లో మంట. లెన్సుల మాట వచ్చింది కాబట్టి: కంటి డాక్టరుతో కొలత తీయించాకే పెట్టండి, ఒకరివి ఇంకొకరికి వద్దు, పొగ వదిలే షాట్లలో తీసెయ్యండి. క్లోజప్ ఉన్న గంటకే పెట్టి తర్వాత తియ్యడం మంచిది.

ఆటోనగర్_ఫిట్టర్

గాల్లో లేపడానికి తాళ్లు, హుక్కులు జోలికి పోమాకండి. పెంకుటింటి దూలం పాతది, లోపల చెదలుందో లేదో పైకి తెలవదు. నేల మీదే పని కానిద్దాం.

సన్న బల్ల ఒకటి, వెడల్పు అడుగు మించకూడదు, ఎత్తు రెండున్నర అడుగులు. నటి నడుము, తుంటి దాని మీద, కాళ్లు, తల బయటకు వేలాడాలి. కెమెరా ట్రైపాడ్ మీద కదలకుండా బిగించి ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగా పడేట్టు చేసే రంగు సెట్టింగు) మూడూ మాన్యువల్ చెయ్యండి. ఆమె ఉన్న షాట్ తియ్యండి. తర్వాత ట్రైపాడ్‌ని ముట్టుకోకుండా బల్ల, మనిషి లేని ఖాళీ గది 20 సెకన్లు తియ్యండి. ఎడిటింగ్‌లో బల్ల ఉన్నచోట మాస్క్ గీసి (ఆ భాగాన్ని కత్తిరించి) కింద ఖాళీ గది పెడితే అయిపోద్ది. ఇది ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కూడా వస్తుంది.

చెడేది రెండు చోట్ల. ఒకటి, బల్ల నీడ నేల మీద మిగిలిపోవడం. అందుకే లైటును తెల్ల దుప్పటి మీద కొట్టి మెత్తగా రానివ్వండి. రెండు, చీర బల్ల అంచున మడత పడటం. కొంగును చేపలు పట్టే సన్న తీగతో పక్కకు లాగి పట్టుకోవాలి. నటి ఆ భంగిమలో మెడ వేలాడేసి పది సెకన్లకంటే ఉండలేదు, ముందే లెక్క చెప్పి లేపండి.

ఈడ్చుకెళ్లే షాట్‌కి కాళ్లకు తాడు కట్టొద్దు. మోకాలు తిరుగుద్ది, మొదటి గుంజుడుకే తల నేలకు కొట్టుకుంటుంది. చీర లోపల నడుముకు వెడల్పాటి బెల్టు, దానికి తాడు, వీపు కింద రెక్సిన్ ముక్క. ఫ్రేమ్‌లో పాదాలు కనపడనీయకుండా ఉంటే కాళ్లు పట్టి లాగినట్టే ఉంటుంది. జుట్టు పట్టుకునే షాట్లో లాగేవాడు పిడికిలి తల మీద ఆనించి ఊరుకోవాలి, మేనత్త పాత్రే రెండు చేతులతో వాడి మణికట్టు పట్టుకుని తానే కదలాలి. ఆపమనడానికి కథలో లేని మాట ఒకటి పెట్టుకోండి. "వద్దు, ఆపండి" అనేది డైలాగులోనే ఉంటుంది గదా.

పరిగెత్తే చెక్క కెమెరా కావాలంటే ఆరడుగుల పొడవు, నాలుగంగుళాల వెడల్పు చెక్క, మధ్యలో పావు అంగుళం బోల్టు, కింద సైకిల్ ట్యూబు ముక్క వాషరుగా. 24 లెన్స్ పెట్టి మోకాలి ఎత్తులో పట్టుకుని పరిగెత్తండి. బోల్టు పొడవు ఎక్కువైతే కెమెరా అడుగు పగులుద్ది, లోపలికి అయిదు మిల్లీమీటర్లు పోతే చాలు.

పసుపు_బల్బు

నటిని వెనక్కి నడిపించి, తీసింది తిరగేసి చూపించండి. ముందుకు వస్తున్నట్టే ఉంటుంది, కానీ బరువు మడమ మీద పడే తీరు తప్పుగా ఉండి ఒళ్లు జలదరిస్తుంది. పొగ, కారే రక్తం, దీపం ఫ్రేమ్‌లో ఉంటే దొరికిపోతారు. అవి తీసేయాలి.

లైట్ల విషయం. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు వందసార్లు కొట్టుకుంటుంది. 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకుంటే చాలావరకు గొడవ లేదు. 1/60 పెడితే ట్యూబులైటు కింద గోడ మీద పట్టీలు పాకుతాయి. చవక ఎల్ఈడీ బల్బుకు డిమ్మర్ పెట్టారంటే 1/50లోనూ పట్టీలు రావచ్చు, కాబట్టి డిమ్మర్ బదులు బల్బు మీద పాత పంచె గుడ్డ కప్పండి, గుడ్డకు బల్బు తగలకుండా. స్లోమోషన్ 100 ఫ్రేముల్లో తియ్యాలంటే బ్యాటరీతో నడిచే మంచి ప్యానెల్ అద్దెకు తెచ్చుకోవడమే.

వెన్నెలకు డాబా మీదనుంచో చెట్టు మీదనుంచో 100 వాట్ల తెల్ల ఎల్ఈడీ ఫ్లడ్ ఒకటి, మనుషుల వెనక నుంచి పడాలి. కెమెరా వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్. అప్పుడు బయట నీలంగా, లోపలి పసుపు బల్బు నారింజగా పడతాయి. షాట్ ముందు వాకిట్లో రెండు బిందెల నీళ్లు చల్లితే నేల మెరిసి చీకటికి లోతొస్తుంది. ఆకాశాన్ని ఫ్రేమ్‌లోకి రానీయకండి.

పొగకు సాంబ్రాణి, కొబ్బరిపీచు అనుకుంటారు. అరగంటకు అందరి గొంతూ పోతుంది, లెన్స్ మీద జిడ్డు పొర పడుతుంది. పెళ్లి డీజే వాళ్ల దగ్గర ఫాగ్ మెషిన్ దొరుకుతుంది. దాన్ని షాట్‌కు రెండు నిమిషాల ముందు కొట్టి, అట్టముక్కతో విసిరి పల్చబరచండి. పొగ నేల మీదే పాకాలంటే మెషిన్ మూతి ముందు చేపల వాళ్లు వాడే ఐసు నింపిన డబ్బా పెట్టి దాని గుండా పోనివ్వండి. డ్రై ఐస్ మాత్రం మూసిన గదిలో వద్దు. అది కార్బన్ డయాక్సైడ్, గాలికంటే బరువు, నేల మీద పడి ఉన్న నటికే ముందు ఊపిరాడదు.

సబ్‌ఊఫర్_సత్తెనపల్లి

80 వేలలో 20 వేలు సౌండుకు తీసి పక్కన పెట్టండి సార్. బొమ్మ చీకట్లో కనపడకపోయినా సర్దుకుంటారు, మాట వినపడకపోతే ఆపేస్తారు.

లొకేషన్‌లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మామూలు మాట మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర, గట్టి మాట మైనస్ 12 దాటకుండా. అరిచే సీన్లకు ఇంకా తగ్గించాలి, లేదంటే 32 బిట్ ఫ్లోట్ రికార్డరు (గట్టిగా అరిచినా శబ్దం పగలనిది) అద్దెకు తెచ్చుకోండి. ఫ్రిజ్ తీసెయ్యండి, ఫ్యాను ఆపండి, ఇన్వర్టర్ పక్క గదిలో ఉంటే గుయ్‌మనే మోత పడుతుంది. కృష్ణా కెనాల్ జంక్షన్ వైపు రైలు కూత రాత్రంతా వస్తూనే ఉంటుంది, అది మారదు కాబట్టి డైలాగు క్లోజప్పులు రైళ్ల సందు చూసి తియ్యండి. ధనుర్మాసంలో పెట్టుకున్నారా, తెల్లారుజామున గుడి మైకు మొదలవుద్ది, ఆ రెండు గంటలూ పోయినట్టే. గంజి పెట్టిన కాటన్ చీర లోపల కాలర్ మైకు పెడితే గరగర. మేనత్తకు ఉతికి మెత్తబడిన చీరే కట్టండి. గది మారినప్పుడల్లా అందరూ నిలబడి ఒక నిమిషం ఉత్త గది శబ్దం రికార్డు చేయండి. కీచురాళ్లు ఒక షాట్‌లో ఉండి ఇంకో షాట్‌లో లేకపోతే కట్ పాయింటు తెలిసిపోతుంది. దాన్నే వాడుకోవచ్చు కూడా: దాడికి సెకనున్నర ముందు కీచురాళ్లు ఆగిపోవాలి.

ఎముకలు విరగడానికి పచ్చి మునగకాయలు నాలుగు కలిపి తడిగుడ్డలో చుట్టి మైకుకు జానెడు దూరంలో విరవండి. చర్మం చీలడానికి తాటాకు, మాంసం పిసకడానికి గుమ్మడికాయ లోపలి గుజ్జు.

గొంతు. ఉత్తినే పిచ్ తగ్గిస్తే కంప్యూటర్ గొంతే. మూడు పొరలు కావాలి. మేనత్త అసలు గొంతు పూర్తి వాల్యూంలో. అదే గొంతు నాలుగు సెమీటోన్లు (స్వరస్థానాలు) దించి 6 డెసిబెల్స్ తక్కువలో. మూడోది వేరే ఆడమనిషి గుసగుస, 12 డెసిబెల్స్ తక్కువలో, 30 మిల్లీసెకన్లు వెనక. తెలుగులో ఒత్తులు, మహాప్రాణాలు దించిన గొంతులో కలిసిపోతాయి, శ్లోకం దిద్దే డైలాగు అస్సలు తెలవదు. కాబట్టి దించిన పొరలో 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ కోసేసి, స్పష్టతంతా మొదటి పొరకే వదలండి.

కృష్ణలంక_లేట్‌నైట్

19 హెర్ట్జ్ శబ్దం కలిపితే చెవికి తెలవకుండానే భయం పుడుతుందంట కదా బ్రదర్? అది వేస్తే సరిపోదా?

సబ్‌ఊఫర్_సత్తెనపల్లి

మీ సినిమా యూట్యూబ్‌లో ఫోన్ మీద చూస్తారు. ఫోన్ స్పీకర్లో 200 హెర్ట్జ్ కిందే దాదాపు ఏమీ రాదు, 19 ఎక్కడిది? పైగా ఆ పౌనఃపున్యం మిక్స్‌లో హెడ్‌రూమ్ (శబ్దం పగలకుండా పెంచుకోడానికి మిగిలే జాగా) తినేసి మాట చిన్నదవుతుంది. 30 కింద మొత్తం కోసెయ్యండి. ఉరుము లాంటి మోత కావాలంటే 60 హెర్ట్జ్ శబ్దానికి సాచురేషన్ (శబ్దాన్ని కొంచెం చెదరగొట్టే ఎఫెక్టు) ఇవ్వండి, పైన హార్మోనిక్స్ (దాని రెట్టింపు, మూడింతల పౌనఃపున్యాలు) పుట్టి చిన్న స్పీకర్లో కూడా మోత ఉన్నట్టే వినపడుతుంది.

తాడేపల్లి_తాటిచెట్టు

చాలా థాంక్స్ అండీ అందరికీ. ఇంకో మూడు. మాస్టారు నిమ్మకాయ కోస్తే ఎర్రగా కారాలి, కట్ లేకుండా ఒకే షాట్‌లో. ముగ్గు మధ్యలో మంట లేవాలి. ఒక కోడి కూడా ఉంది స్క్రిప్టులో.

పటమట_ప్రశ్న

నిమ్మకాయకు ఎడిటింగ్ అక్కర్లేదండీ. ఎర్ర మందార పూలు నలిపి ఆ రసం చాకు రెండు వైపులా రాసి నీడలో ఆరనివ్వండి, రెండు మూడు పూతలు. కోస్తే నిమ్మ పులుపు తగిలి ఎరుపు తిరుగుతుంది. దొంగబాబాల పాత విద్య ఇది, హేతువాదులు ఊరూరా చేసి చూపిస్తుంటారు. విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు ఇట్లాంటి గారడీల గుట్టు విప్పడంలో దశాబ్దాలుగా ఉన్నారు. హారర్ తీసేవాళ్లకు అంతకన్నా చవక ఎఫెక్ట్స్ బడి దొరకదు. స్టీలు చాకు వాడండి. ఇనుప కత్తి అయితే పూత నల్లబడుతుంది.

మంటకు పెర్మాంగనేట్, గ్లిజరిన్ కలిపే పద్ధతి ఎవరైనా చెప్తారు, వద్దు. ఎండలకు అది ఎప్పుడు అంటుకుంటుందో అంచనా దొరకదు. ఇత్తడి పళ్లెంలో కర్పూరం చాలు. నటి కట్టింది కాటన్ అయ్యుండాలి, సవరం తీసేయాలి, నైలాన్ చీర, సింథటిక్ విగ్గు ఏవీ ఆరడుగుల దగ్గరకు రాకూడదు. లేటెక్స్ వేసుకున్న మనిషి అసలే రాకూడదు. రెండు బకెట్ల ఇసుక, తడి గోనెపట్టాలు, వాటి మీదే కన్నేసి ఉంచే మనిషి ఒకడు. ఆ మనిషికి వేరే పని చెప్పకండి.

స్క్రిప్టు మీద ఒక మాట. మేనత్తకు పట్టింది జబ్బు కాదు, నిజంగా రాక్షసేనని మీ కథ అంటోంది. కథగా సరే. వేపమండలతో కొడితే నయమైందని మాత్రం చూపించకండి. మూర్ఛ వచ్చినవాళ్లను అట్టా బాదేవాళ్లు ఇంకా ఉన్నారు. మీ నియమాల్లో దెబ్బకు రాక్షసి బలపడుతుందని పెట్టండి, కథకూ లాభమే.

గాంధీనగర్_రీలు

పైన చెప్పింది చాలా మంచి మలుపు, వాడుకో తమ్ముడూ. కొట్టేది అన్న అయితే, ఆపేది తమ్ముడైతే, దెయ్యంతో పాటు ఇంట్లోవాళ్ల మధ్య కూడా పోరు మొదలవుద్ది.

కోడిని తీసెయ్యి. థియేటర్‌కో టీవీకో వెళ్లాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, అందులో జంతువు కనపడితే యానిమల్ వెల్ఫేర్ బోర్డు అనుమతి అడుగుతారు. యూట్యూబ్‌కు సెన్సార్ లేదు గానీ, హింస చేస్తే కేసు ఎక్కడైనా కేసే. బుట్ట కింద కూత వినిపించి, తర్వాత ఖాళీ బుట్ట, నాలుగు ఈకలు. ఉండవల్లి గుహలు దగ్గరే ఉన్నాయని అక్కడ రెండు షాట్లు లాగేద్దామనుకోకు. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, ముందస్తు అనుమతి లేకుండా షూటింగు కుదరదు. నీ పెంకుటింటి యజమాని దగ్గర మాత్రం తేదీలు, మంట, పొగ, గోడ మరకలు అన్నీ రాసిన కాయితం మీద సంతకం తీసుకో. పక్క పొలం వాళ్లకు, ఊరి స్టేషన్‌కు ముందే చెప్పు. అర్ధరాత్రి ఆడమనిషి అరుపులు వింటే ఎవరైనా 112కి ఫోన్ చేస్తారు, చెయ్యాలి కూడా.

తాడేపల్లి_తాటిచెట్టు

కోడి పోయింది, వేపమండల సీను తిరగరాస్తున్నా. కుండ పగలగొట్టే షాట్, కిటికీ అద్దం పగిలే షాట్ మిగిలాయి. అద్దానికి పంచదార గ్లాసు పోసుకోమంటున్నారు.

మెత్తని_లేటెక్స్

పంచదార అద్దం మనకు కలిసిరాదండీ. 400 గ్రాముల పంచదార, 200 మిల్లీలీటర్ల నీళ్లు, 150 గ్రాముల గ్లూకోజ్, థర్మామీటర్ 150 డిగ్రీలు చూపించేదాకా కాచి, నూనె రాసిన ట్రేలో పొయ్యాలి. పొయ్యడం వరకు బాగానే ఉంటుంది. గాల్లో తేమ పీల్చుకుని కొన్ని గంటల్లోనే జిగురు పట్టి వంగిపోతుంది. చెయ్యాలనుకుంటే షాట్ రోజు సాయంత్రమే పోసి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టి, టేక్‌కు ముందు తియ్యండి. ఒళ్లు కాలకుండా చేతికి మందపాటి గ్లవుజులు, ఆ పాకం చర్మానికి అంటుకుంటే వదలదు. అంతకంటే, పగిలే క్షణం చూపించకుండా శబ్దం, తర్వాత నేల మీద మొద్దు అంచుల అక్రిలిక్ ముక్కలు పెట్టడం తేలిక.

కుండకు కుమ్మరి దగ్గర ఆరిన, కాల్చని పచ్చి కుండలు అడగండి. కాల్చిన కుండ పెంకు చాకులా కోస్తుంది, ఇది పొడిపొడిగా రాలిపోతుంది. నీళ్లు మాత్రం పొయ్యొద్దు, మెత్తబడి కూలుతుంది. లోపల ఎర్రనీళ్లు ఉండాలంటే పల్చటి ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టండి. ఒక టేక్‌కు ఒకటి చొప్పున కాకుండా రెండేసి తెచ్చుకోండి, బండి మీద తెచ్చేటప్పుడే సగం పోతాయి.

గుంటూరు_గొడ్డుకారం

సున్నం గోడల మీద ఫుడ్ కలర్ పడితే కడిగితే పోదు, లోపలికి పీల్చుకుంటుంది. షూటింగుకు ముందు రక్తం పడే గోడ మీద అదే రంగు చవక డిస్టెంపర్ ఒక పూత వేసుకోండి. అయ్యాక గీకి, మళ్లీ సున్నం కొట్టించి ఇచ్చెయ్యొచ్చు. చీమలు మాత్రం ఆ రాత్రే వస్తాయి. పేకప్ అన్నాక వేడినీళ్లతో నేల కడిగే మనిషిని ముందే మాట్లాడుకోండి.